హబ్బులూ రిపీటర్లతో విజయనగరం కొలువు

1997లో నేను విజయనగరంలోని ఒక పెద్ద కార్యాలయంలో కంప్యూటర్ విభాగంలో చేరేనాటికి, అక్కడ నాలుగు భవనాలలో కలిపి రెండు వందలకు పైగా కంప్యూటర్లు ఒకే ల్యాన్‌పై నడుస్తూ ఉండేవి. ల్యాన్ అంటే ఒక ఆవరణలోని కంప్యూటర్లను తీగలతో కలిపే నెట్‌వర్క్. ఆ ల్యాన్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు. అది ఒక్కొక్క కంప్యూటరుకూ దక్కే వేగం కాదు; జీతాల బిల్లులు చేసేవారు, స్టాకు లెక్కలు రాసేవారు, ఉత్తరాలు టైపు చేసి అచ్చుకు పంపేవారు, అందరూ కలిసి పంచుకోవలసినది అంతే. ఒక కంప్యూటరు మాట్లాడుతున్నప్పుడు, అంటే తీగ మీదికి సమాచారం పంపుతున్నప్పుడు, మిగిలిన రెండు వందలూ ఊరుకోవాలి. ఒకరి తీగ చెడితే ఆ బాధ ఆ ఒక్కరితో పోయేది కాదు, ఒక అంతస్తంతా, ఒక్కోసారి భవనమంతా అనుభవించేది.

ఆ పని ఇప్పుడు ఎవరూ చెయ్యరు, చెయ్యవలసిన అవసరమూ లేదు. కానీ నాకు నెట్‌వర్క్ అంటే ఏమిటో తెలిసింది ఆ హబ్బుల దగ్గరే, అంటే కంప్యూటర్ల తీగలు వచ్చి కలిసే పెట్టెల దగ్గరే. హబ్బుకు తనలోంచి ఏమి పోతున్నదో తెలియదు. ఒక పోర్టులో, అంటే తీగ గుచ్చే రంధ్రంలో, వినబడిన బిట్లను శుభ్రపరిచి, మళ్లీ బలం చేకూర్చి, మిగిలిన అన్ని పోర్టులలోకీ వదలడమే దాని పని. ఊళ్లో దండోరా వేసేవాడిలాగా, కబురు ఎవరికోసమన్నది దానికి పట్టదు. అందుచేత దాన్ని చూసుకునేవాడికి ఏ తీగ ఏ గోడ దాటి ఏ బల్ల దగ్గరకు వెళుతున్నదో, ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషికి ఏ అలవాట్లున్నాయో కూడా తెలిసి ఉండవలసి వచ్చేది.

మా నాలుగు భవనాలలో అన్నిటికన్నా పాతది కంటోన్మెంటు రోడ్డు వైపు ఉండేది. సున్నంతో కట్టిన లావుపాటి గోడలు, ఎత్తైన పైకప్పు, తలుపుల మీద వెంటిలేటర్లు. ఆ గోడలకు రంధ్రం వేయడమంటే మేస్త్రీకి ఒక పూట పని కనుక, నాకు ముందు పనిచేసినవారు తీగను వెంటిలేటర్ల గుండా గదినుంచి గదికి లాక్కుపోయారు. అది టీవీ తీగలాంటి సన్నని కోయాక్సియల్ కేబుల్, 10బేస్2 అనే పద్ధతి. ఒక సెగ్మెంట్, అంటే కొసనుంచి కొసకు ఒక తీగ వరస, 185 మీటర్లు దాటకూడదు, దానిమీద 30కి మించి కనెక్షన్లు ఉండకూడదు, తీగను కంప్యూటరుకు కలిపే రెండు టీ కనెక్టర్ల మధ్య కనీసం అర మీటరు తీగ ఉండాలి, రెండు కొసలకూ 50 ఓముల టెర్మినేటర్లు బిగించాలి, ఎర్తింగు మాత్రం ఒక్కచోటే ఇవ్వాలి. ఈ నియమాలలో ఏ ఒక్కటీ అలంకారానికి పెట్టినది కాదని ఆ భవనమే నాకు నేర్పింది.

టెర్మినేటర్ చూడడానికి చిన్న లోహపు మూతలా ఉంటుంది. దాని లోపల ఉన్నది ఒక రెసిస్టర్ మాత్రమే. తీగ కొసకు చేరిన సంకేతాన్ని అది తనలో ఇముడ్చుకోకపోతే, ఆ సంకేతం వెనక్కి తిరిగి వచ్చి తరువాతి సంకేతాలను పాడుచేస్తుంది, సెగ్మెంటు మొత్తం ఆగిపోతుంది. ఒక సోమవారం ఉదయం పాత భవనంలో ఒక్క కంప్యూటరు కూడా సర్వరును చేరలేదు. కొసనున్న గదిలోకి వెళ్లి చూస్తే టెర్మినేటర్ లేదు. అక్కడి అటెండరును అడిగితే ఆయన ఏమాత్రం తడబడకుండా, "ఉట్టి మూతే గదా బాబూ, దుమ్ము దులుపుతుంటే అడ్డంగా ఉందని తీసి సొరుగులో ఎట్టీసినాను" అన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఏ తీగా తగిలించని మూతను చూసి, భవనమంతా దానిమీద ఆధారపడి ఉందని ఎవరు మాత్రం ఊహించగలరు?

కోయాక్స్‌లో తెగిన చోటు పట్టుకోవడానికి మాకు ఖరీదైన పరికరాలు లేవు. మల్టీమీటర్ ఒక్కటే ఉండేది, చాలాసార్లు అదే చాలేది. టీ కనెక్టరు దగ్గర నడిమి తీగకూ దాని చుట్టూ ఉన్న లోహపు అల్లికకూ మధ్య ఓములు కొలిస్తే, రెండు టెర్మినేటర్లూ ఉండి తీగ ఎక్కడా తెగకపోతే 25 చూపించాలి, ఎందుకంటే రెండు యాభైలు సమాంతరంగా ఉన్నాయి. 50 చూపిస్తే ఒక పక్క ఎక్కడో తెగిందని అర్థం. ఆ టీ దగ్గరే ఒక పక్క తీగ విప్పి మళ్లీ కొలిస్తే ఏ పక్కో తెలుస్తుంది. ఆ పక్కన సగం దూరం వెళ్లి మళ్లీ కొలవాలి. సముద్రం మరీ దూరం కాని ఊరు కాబట్టి, ఎక్కడ సరిగా క్రింప్ చేయని (నొక్కి బిగించని) కనెక్టరు ఉంటే అక్కడ రాగికి చిలుము పట్టేది. ఎలుకల సంగతి వేరే చెప్పనక్కరలేదు, వాటికి వెంటిలేటర్ల మీది తీగలంటే ఎందుకో మహా ప్రీతి.

మిగిలిన మూడు భవనాలలో 10బేస్-టీ అనే మెలి తీగల పద్ధతి వచ్చింది. ప్రతి అంతస్తుకూ ఒక హబ్బు, అక్కడినుంచి ప్రతి బల్లకూ ఒక మెలి తీగ, 100 మీటర్ల లోపు. ఒక తీగ తెగితే ఒక్క కంప్యూటరే పోతుంది. పాత భవనంలో పనిచేసి వచ్చిన వాడికి ఆ ఒక్క సుఖమే స్వర్గం. అయితే ఇక్కడి రోగాలు వేరు, కొన్ని కంటికి కనిపించేవి కావు.

వాటిలో నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టినది జతలు తప్పిన తీగలు. కేబుల్‌లో నాలుగు జతలుంటాయి, కానీ 10బేస్-టీ వాడుకునేది రెండు జతలే: 1, 2 కాళ్ల (ప్లగ్గులోని పిన్నుల) మీద ఒకటి, 3, 6 కాళ్ల మీద ఇంకొకటి. ఒక భవనానికి తీగలు వేసిన కాంట్రాక్టరు మనుషులు రంగులను వరసగా పెట్టి, ఈ కొసన ఎలా ఉన్నాయో ఆ కొసనా అలాగే బిగించారు. వరసగా పెడితే 3వ కాలికి ఒక జతలోని తీగ, 6వ కాలికి మరొక జతలోని తీగ వస్తాయి. దీపాలున్న చిన్న టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది వరకూ అన్నీ చక్కగా వెలుగుతాయి, ఎందుకంటే ఈ కొసనుంచి ఆ కొసకు ప్రతి తీగా సరిగానే చేరింది. లోపల మాత్రం మెలితిప్పిన జతకు ఉండవలసిన గుణం పోయింది. పంపే తీగ చప్పుడు వినే తీగలోకి చొరబడుతుంది. తక్కువ దూరమైతే నడిచిపోతుంది, అరవై డెబ్బై మీటర్లు దాటిన బల్లల దగ్గరే నత్తనడక. టెస్టరు బాగుందంటోంది, కంప్యూటరు బాగాలేదంటోంది. చివరకు ప్లగ్గును వెలుతురులో పట్టుకొని రంగులు చదివితే తెలిసింది. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ అనే వరసను ఆ భవనంలో ప్రతి కొసకూ మళ్లీ బిగించాము. ఇప్పటికీ నాకు ఆ వరస నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

హబ్బుల దీపాల గురించి చెప్పకపోతే ఆ రోజుల గురించి చెప్పినట్టే కాదు. ఆకుపచ్చ దీపం లింకుకు, మినుకుమినుకుమనేది రాకపోకలకు, నారింజ రంగుది కొలిజన్‌కు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కొలిజన్ అవుతుంది. ఇద్దరూ ఆగి, చెరో యాదృచ్ఛిక సమయం వేచి, మళ్లీ ప్రయత్నిస్తారు. మళ్లీ ఢీకొంటే ఆ వేచి ఉండే అవధి రెట్టింపవుతూ పోతుంది, 16 ప్రయత్నాల తరువాత వదిలేస్తారు. ఇది ఈథర్‌నెట్‌లో జబ్బు కాదు, వంతులు వేసుకునే పద్ధతి. ఈథర్‌నెట్ అన్నది మా కంప్యూటర్లు ఒకే తీగను పంచుకునే ఆ మొత్తం ఏర్పాటు పేరు. కానీ ఆ దీపం నారింజ రంగులో వెలగడమే దాని ప్రారబ్ధం. ఒక అధికారి ఒకసారి ర్యాకు గదిలోకి తొంగి చూసి, "ఏమయ్యా, ఇన్ని ప్రమాద దీపాలు వెలుగుతుంటే నువ్వు తాపీగా టీ తాగుతున్నావేమిటి?" అన్నారు. అవి ప్రమాద దీపాలు కావని, నెలాఖరు కనుక అందరూ పని చేస్తున్నారనడానికి గుర్తులని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు.

ఆయనే కాదు, కొలిజన్లు ఒక హద్దు దాటితే ఈథర్‌నెట్ కుప్పకూలుతుందని అప్పట్లో చదువుకున్నవారు కూడా అనేవారు. ఈథర్‌నెట్ కనిపెట్టినవారిలో ఒకరైన డేవిడ్ బాగ్స్, మరో ఇద్దరితో కలిసి 1988లోనే నిజమైన తీగల మీద కొలిచి, ఆ భయంలో చాలాభాగం అపోహేనని చూపించారు. ఆ వ్యాసం నకలు ఒకటి నాకు ఒక సహోద్యోగి ఇచ్చాడు. మా దగ్గర కూడా తీగ నిండిపోయి ఆగిపోయిన సందర్భాలకన్నా, ఎవరో నియమం తప్పినందువల్ల ఆగిన సందర్భాలే ఎక్కువ.

ఆ నియమాలలో పెద్దది 5-4-3. ఏ రెండు కంప్యూటర్ల మధ్యనైనా అయిదు సెగ్మెంట్లు, నాలుగు రిపీటర్లు (సంకేతానికి మళ్లీ బలం చేకూర్చి ముందుకు పంపే పెట్టెలు) మించకూడదు. ఆ అయిదింటిలో మూడింటి మీదే కంప్యూటర్లు ఉండవచ్చునన్న మూడో అంకె కోయాక్స్‌కు సంబంధించినది. హబ్బు అంటే అనేక పోర్టులున్న రిపీటరే కనుక ప్రతి హబ్బూ ఆ లెక్కలోకి వస్తుంది. ఎందుకు నాలుగే అంటే, సాధారణంగా చెప్పే కారణం సమయం. ఒక కంప్యూటరు పంపగలిగే అతి చిన్న ఫ్రేము, అంటే ఒక విడతలో పోయే సమాచారపు మూట, 64 బైట్లు, అంటే 512 బిట్లు, 10 మెగాబిట్ల వేగంలో 51.2 మైక్రోసెకన్లు. తాను ఇంకా మాట్లాడుతూ ఉండగానే అవతలి కొసన జరిగిన ఢీ కబురు తనకు తిరిగి చేరాలి. ఆలస్యంగా చేరితే తన మాట పోయిందని దానికి తెలియనే తెలియదు, కాబట్టి తిరిగి పంపదు. తీగ పొడవూ, ప్రతి రిపీటరూ ఆ ఆలస్యానికి కొంత కలుపుతాయి.

రెండో కారణం గురించి తక్కువమంది మాట్లాడేవారు, మా ఆఫీసులో మాత్రం అదే ఎదురైంది. ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ మధ్య 96 బిట్ల విరామం, 9.6 మైక్రోసెకన్లు ఉండాలి. వెనువెంట వచ్చే రెండు ఫ్రేములూ ఒక్కొక్క రిపీటరు గుండా పోతున్నప్పుడు ఆ విరామం కొంత కుంచించుకుపోతుంది. మా లెక్కల విభాగంలో కొత్తగా బల్లలు వేశారు, గోడకున్న పోర్టులు చాలలేదు. ఇండెంటు (సామాను కోసం అర్జీ) పెట్టి నెలలు ఎదురుచూసే ఓపిక లేక, ఎవరో అయిదు పోర్టుల చిన్న హబ్బొకటి కొని బల్లకింద పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఆ హబ్బు వెనక ఇంకొక హబ్బు పుట్టింది. మాతో ఎవరూ అనలేదు, అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి కనుక అనవలసిన అవసరం వారికి కనిపించలేదు.

తరువాత పాత భవనంనుంచి ఒక విచిత్రమైన ఫిర్యాదు వచ్చింది. పింగ్ చేస్తే, అంటే అవతలి కంప్యూటరును చిన్న కబురుతో పలకరిస్తే, ప్రతిసారీ జవాబు వస్తుంది, చిన్న ఫైళ్లు వస్తాయి, పెద్ద ఫైలు మాత్రం లెక్కల విభాగానికి పంపితే గంటలు తీసుకుంటుంది, అదీ అక్కడి కొన్ని పాత నెట్‌వర్క్ కార్డులున్న కంప్యూటర్లకే. ఈథర్‌నెట్ ప్రమాణంలో ఇచ్చిన పట్టిక పెట్టుకొని కాగితం మీద లెక్క వేశాను. ఆలస్యం పద్దులో 575 బిట్ల (అన్ని బిట్లు పోయేంత కాలపు) హద్దుకు మేము ఇంకా లోపలే ఉన్నాము. విరామం పద్దు వేరే కథ చెప్పింది. విరామంలో తరుగు, కోయాక్స్ కొసనుంచి బయలుదేరినందుకు 16 బిట్లు, మధ్యలో దాటిన ఒక్కొక్క మెలి తీగ సెగ్మెంటుకూ 8 బిట్లు. నాలుగు రిపీటర్లతో అది 40. బల్లకింది మొదటి హబ్బుతో 48. ప్రమాణం ఒప్పుకునేది 49 వరకు. అందుకే మొదటి హబ్బు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. రెండోదానితో 56 అయ్యింది. పింగ్‌లో ఒక ఫ్రేము తరువాత ఇంకొకటి వెంటనే రాదు, పెద్ద ఫైలులో వరసగా వస్తాయి. విరామం మరీ తగ్గితే పాత కార్డులు రెండోదాన్ని జారవిడిచేవి. ఆ రెండు చిన్న హబ్బులను తీసి వాటి స్థానంలో గోడ పోర్టులు వేయించడానికి నేను తిరిగిన తిరుగుడు కన్నా ఆ లెక్క వేయడమే సులువు.

హబ్బు తనను తాను కాపాడుకునే ఉపాయం ఒకటుంది. ఒక పోర్టులో వరసగా 30కి మించి కొలిజన్లు జరిగితే, ఆ పోర్టును వేరుచేస్తుంది. అక్కడినుంచి వచ్చేది ఎవరికీ వినిపించదు. మళ్లీ ఆ పోర్టులో ఒక ఫ్రేము సవ్యంగా పోతే తిరిగి చేర్చుకుంటుంది. మిగిలిపోయిన తీగ రెండు కొసలూ ఒకే హబ్బులో గుచ్చినా ఇదే జరిగేది: పంపిన మాట తనకే ఎదురొచ్చి ఢీకొని, ఆ పోర్టు వేరుపడేది, మిగతావారు పని చేసుకునేవారు. ఈ భద్రతకు అలవాటుపడినవారే తరువాత స్విచ్చులు (చిరునామా చూసి అవసరమైన వైపే పంపే పెట్టెలు) వచ్చినప్పుడు అదే పని చేసి, బ్రాడ్‌కాస్టు ఫ్రేములు, అంటే అందరికీ అని పంపేవి, అంతులేకుండా తిరుగుతుంటే తెల్లబోయారు. స్విచ్చుకు స్పానింగ్ ట్రీ (ఇలాంటి చుట్టును పసిగట్టి ఆపే ఏర్పాటు) ఉండి, దాన్ని ఎవరూ ఆపకుండా ఉంటేనే ఆ కాపుదల.

1998 చివరలో మాకు, దూరంనుంచే లెక్కలు అడిగి తెలుసుకోగలిగే, కొన్ని మేనేజ్‌డ్ హబ్బులు వచ్చాయి. మామూలు హబ్బులకన్నా వాటి ధర చాలా ఎక్కువ కనుక అన్ని అంతస్తులకూ మంజూరు కాలేదు; భవనానికి ఒకటి, సర్వరు గదిలో ఒకటి. నా దృష్టిలో ఆ కొలువులో నేను చూసిన మార్పులన్నిటిలోకీ పెద్దది అదే, స్విచ్చులు రావడం కన్నా కూడా. అంతవరకూ మాకు దీపాలు తప్ప కళ్లు లేవు. ఇప్పుడు ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రశ్నోత్తరాల పద్ధతి ద్వారా ఒక్కొక్క పోర్టునూ నా బల్ల దగ్గరినుంచి అడగగలిగాను: ఎన్ని ఫ్రేములు వచ్చాయి, ఎన్ని చెడినవి, ఎన్ని కొలిజన్లు, ఎన్ని ఆలస్యపు కొలిజన్లు (గడువు దాటాక జరిగినవి), పోర్టు వేరుపడిందా, ఆఖరున అక్కడ మాట్లాడిన కంప్యూటరు చిరునామా ఏమిటి. రిపీటర్లనుంచి ఏమి అడగవచ్చునో చెప్పే ప్రమాణం, ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల వరసలో, 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1516గా, 1997లో సవరించి ఆర్‌ఎఫ్‌సీ 2108గా వెలువడింది. నేను దాన్ని అచ్చు తీసి, కుట్టించి, అట్ట వేయించుకున్నాను.

పక్కన పడి ఉన్న ఒక పాత కంప్యూటరులో లినక్స్ ఎక్కించి, అయిదు నిమిషాలకొకసారి ఆ లెక్కలన్నీ తెచ్చే చిన్న స్క్రిప్టు రాశాను, గ్రాఫులు గీసే ప్రోగ్రామైన ఎంఆర్‌టీజీతో గీతలు గీయించాను. నిమిషానికొకసారి అడగాలని మొదట అనుకున్నాను గానీ, మనం అడిగే ప్రశ్నలూ ఆ 10 మెగాబిట్లలోనే పోవాలి కదా. ఆ గీతల్లో ఆఫీసు దినచర్య అంతా కనిపించేది. పదిన్నరకు ఎక్కడం మొదలు, భోజన విరామంలో లోయ, నాలుగు గంటలకు మళ్లీ కొండ.

అన్నిటికన్నా ఉపయోగపడినది ఆఖరు చిరునామా. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ 48 బిట్ల చిరునామా ఉంటుంది. మేము ఒక రిజిస్టరు పెట్టాము: హబ్బు, పోర్టు, తీగ నంబరు, గది, బల్ల, కూర్చునేవారు, కార్డు చిరునామా. అది నింపడానికి గదిగదికీ తిరగవలసి వచ్చింది. ఏ బల్ల ఎవరిదో, ఎవరు బదిలీ మీద వస్తున్నారో, ఎవరు పదవీ విరమణకు దగ్గర పడ్డారో, ఎవరి అమ్మాయి పెళ్లి ఎప్పుడో తెలిసింది అలాగే. తీగ పేరు చెప్పి వెళ్లినవాడికి చేతిలో ఒక జంతిక పెట్టకుండా పంపేవారు కారు.

ఆ రిజిస్టరు ఒక నెలాఖరున మమ్మల్ని ఆదుకుంది. జీతాల బిల్లులు పోవలసిన రోజుల్లో మూడో భవనమంతా తరచూ ఆగి ఆగి నడవసాగింది. హబ్బును అడిగితే ఒకే ఒక పోర్టు మీద ఆలస్యపు కొలిజన్లు కుప్పలుగా ఉన్నాయి. తీగ పొడవు తక్కువే, కొసలు సరిగానే ఉన్నాయి. రిజిస్టరు చూసి ఆ బల్ల దగ్గరకు వెళితే, అక్కడ కూర్చున్న సీనియర్ గుమాస్తా గారు లేవడానికి ఇష్టపడలేదు. "నా మిషను బాగానే నడుస్తోంది బాబూ, బాగాలేని వాళ్లవి చూసుకో" అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. కొత్త కార్డు వేసిన మెకానిక్కు దాన్ని ఫుల్ డూప్లెక్స్‌లో పెట్టి వెళ్లాడు, వేగం ఎక్కువగా ఉంటుందనే సదుద్దేశంతోనే కాబోలు. ఫుల్ డూప్లెక్స్‌లో ఉన్న కార్డు ఇతరులు మాట్లాడుతున్నారా లేదా అని వినదు, ఢీకొన్నా ఆగదు. తీగ తనదే అనుకుంటుంది. హబ్బు మీద అందరూ, ఇతరులు ఊరుకున్నాకే మాట్లాడే, హాఫ్ డూప్లెక్స్‌లోనే ఉండాలి. ఆయన కాఫీకి వెళ్లేదాకా ఆగి, ఆ ఒక్క అమరిక మార్చాను. తిరిగి వచ్చి ఆయన, "చూశావా, నా మిషనుకు ఏమీ లేదు" అన్నారు. నేను అవునన్నాను.

మా శ్రీకాకుళం శాఖలో చిన్న ల్యానే, ఒక హబ్బూ పదిహేను కంప్యూటర్లూ. అక్కడికి వెళ్లాలంటే నేను రైలునే ఇష్టపడేవాణ్ని; ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి ఊళ్లోకి వేరే బండి పట్టుకోవాలి. సంచిలో క్రింపింగ్ టూలు, ప్లగ్గులు, మల్టీమీటరు. అక్కడి ఫిర్యాదు సాయంత్రాలకే పరిమితం. పగలంతా బాగుండి, చీకటి పడే వేళకు చెడిన ఫ్రేములు మొదలయ్యేవి. కారణం పైకి చూస్తే దొరికింది. తీగలు కిందికి వేలాడకుండా ముచ్చటగా ట్యూబ్‌లైట్ల ఫిట్టింగులకే కట్టారు, సరిగ్గా చోకుల మీదుగా. దీపాలు వేస్తే చప్పుడు. తీగలను గోడవైపు జరిపించి సాయంత్రందాకా కూర్చుని చూసి వచ్చాను.

భవనాల మధ్య తీగలది మరో బాధ. ఆరుబయట రాగి తీగ వేస్తే వేసవిలో ఉరుములతో వచ్చే వానలకు అది మెరుపులను ఆహ్వానించినట్టే. పిడుగు మన తీగ మీదే పడనక్కరలేదు, దగ్గరలో పడితే చాలు, రెండు భవనాల ఎర్తింగుల మధ్య ఏర్పడే తేడా ఆ తీగ గుండానే పరుగెడుతుంది. మే నెలలో ఒక గాలివాన రాత్రి తరువాత రెండు కొసల హబ్బుల పోర్టులూ, వాటితోపాటు కొన్ని కార్డులూ కాలిపోయాయి. ఆ తరువాతే భవనాల మధ్య ఫైబరు మంజూరైంది. గాజు తీగలో విద్యుత్తు ప్రవహించదు. 10బేస్-ఎఫ్‌ఎల్ పద్ధతిలో 2 కిలోమీటర్ల దాకా పోవచ్చు, మాకు కావలసినది దానిలో చిన్న ముక్క.

ఫైబరు మార్పిడికి దసరా సెలవులు ఎంచుకున్నాము. మధ్య హబ్బు ఆపితే ఎవరూ అడగని రోజులు అవే. ఊరి దేవత పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం, అంతకు ముందురోజు తొలేళ్లు. పని అప్పటికి తెమలలేదు. పైపులు వేసే మేస్త్రీ సోమవారం మధ్యాహ్నానికే సామాను సర్దేశాడు. "అమ్మవారి పండగ నాడు నిచ్చెనెక్కమంటే ఎలాగండి బాబూ, మా ఇంటికి సుట్టాలొచ్చీసినారు" అన్నాడు. నిజానికి ఊరికి ఊరే అప్పటికి మూడు లాంతర్ల కూడలి వైపు కదులుతోంది. నేనూ వెళ్లాను. మిగిలిన పని బుధవారం చేశాము, గురువారం ఉదయం ఎవరికీ ఏమీ తెలియలేదు, అదే మాకు కావలసిన ఫలితం.

ఇక కరెంటు. కంప్యూటర్లకు యూపీఎస్ ఇచ్చారు గానీ, అంతస్తు హబ్బులను మామూలు ప్లగ్గులకే వదిలేశారు, హబ్బు అనే పెట్టె ఎవరి బల్లమీదా ఉండదు కనుక. కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉండి ఒక్కటీ సర్వరును చేరేది కాదు, రాస్తున్న ఫైళ్లు సగంలో ఆగిపోయేవి. ఒక్కొక్క హబ్బుకు చిన్న యూపీఎస్ కావాలని నేను పెట్టిన ఇండెంటు ఎన్ని బల్లలు తిరిగిందో, దానిమీద ఎన్ని సంతకాలు పడ్డాయో చెబితే అది వేరే కథ అవుతుంది.

2000 తరువాత స్విచ్చులు ఒక్కొక్కటే వచ్చాయి. మొదటిదానికి ఎనిమిది పోర్టులే. దాన్ని సర్వరు గదిలో పెట్టి, ఒక్కొక్క భవనపు హబ్బునూ ఒక్కొక్క పోర్టుకు ఇచ్చాము. స్విచ్చు ఫ్రేమును పూర్తిగా విని, చిరునామా చూసి, అవసరమైన వైపే పంపుతుంది కనుక కొలిజన్లు దాన్ని దాటవు, రిపీటర్ల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఒక్క పెట్టెతో 5-4-3 బాధ తీరిపోయింది. 100 మెగాబిట్ల హబ్బులు కొనమని కొందరు అమ్మకందార్లు చెప్పారు, నేను వద్దన్నాను. వేగం పది రెట్లయితే ఆ 512 బిట్ల గడువు 5.12 మైక్రోసెకన్లకు తగ్గుతుంది. ఆ వేగపు హబ్బులలో రెండో తరగతివి (క్లాస్ 2) కూడా రెండే పెట్టాలి, వాటి మధ్య తీగ 5 మీటర్లు, కొసనుంచి కొసకు మొత్తం 205 మీటర్లు. మా భవనాలకు ఆ కొలత సరిపోదు. ఆ మాట ఇప్పటికీ సరైనదేననుకుంటాను.

కొన్నేళ్లకు హబ్బులన్నీ కండెమ్ అయ్యాయి. స్టాకు రిజిస్టరులో ఎర్రసిరాతో కొట్టివేసి, కిలోల లెక్కన వేలం వేశారు. ఒక్కదాన్ని మాత్రం నేను అడిగి ఉంచుకున్నాను, ఎనిమిది పోర్టులది. హబ్బు మీద ఎవరి మాటైనా అందరికీ వినిపిస్తుంది. అప్పట్లో పాస్‌వర్డులు కూడా దూరపు కంప్యూటరులోకి ప్రవేశించే టెల్‌నెట్‌లో అలాగే బట్టబయలుగా పోయేవి, అది హబ్బులకున్న పెద్ద దోషమే. అదే దోషం మాకు పరికరమైంది. ఒక కంప్యూటరు ఏమి పంపుతున్నదో తెలియనప్పుడు, దాని తీగకూ స్విచ్చుకూ మధ్య ఆ హబ్బు పెట్టి, పక్క పోర్టులో ల్యాప్‌టాప్‌లో ఈథీరియల్ అనే, తీగ మీద పోయేదంతా చూపే ప్రోగ్రాము నడిపితే అంతా కనిపించేది. 2006లో ఆ ప్రోగ్రాము పేరు వైర్‌షార్క్‌గా మారింది. ఆ మరుసటి ఏడాది ఒక పోర్టు రాకపోకలను మరొక పోర్టుకు నకలు చేసి చూపగల స్విచ్చులు మాకు వచ్చాయి. ఆ హబ్బుతో పని లేకపోయింది, ఎడాప్టరుతో సహా దాన్ని కూడా స్టోర్సుకు అప్పగించి రసీదు తీసుకున్నాను.